ఊరికే కూర్చోనిచ్చే చోటు

సముద్రపు గాలి తగిలితే మనసు కుదుటపడుతుందని మన పెద్దలు ఎప్పటినుంచో అంటున్నారు. ఇప్పుడు పరిశోధకులూ లెక్కలు తీసి అదే చెబుతున్నారు. ఇంతకీ కడలి మనకు ఇచ్చేదేమిటి? ఇవ్వలేనిదేమిటి? ఆ మేలు అందరికీ అందాలంటే ఒడ్డును ఎలా ఉంచుకోవాలి?

మన ఊళ్లో ఓ మనిషి గంటసేపు ఏ పనీ లేకుండా ఒకచోట కూర్చున్నాడనుకోండి. బస్టాండులో అయితే ‘ఏ ఊరెళ్లాలి?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. హోటల్లో అయితే ఖాళీ కప్పు తీసేసి, బల్ల రెండుసార్లు తుడిచి, ‘ఇంకేమన్నా కావాలా సార్?’ అంటూ లేవమన్న సంగతి మర్యాదగా తెలియజేస్తారు. అరుగు మీద కూర్చుంటే దారినపోయే బాబాయి ఆగి ‘ఏరా, ఉద్యోగం సంగతి ఏమైంది?’ అని మొదలుపెడతాడు. ఇంట్లోనే ఓ మూల కూర్చుంటే ‘ఒంట్లో బాలేదా?’ అని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. సముద్రం ఒడ్డున మాత్రం ఎవరూ ఏమీ అడగరు. పూటంతా కూర్చున్నా ‘సముద్రం చూస్తున్నాడులే’ అనుకుని పక్కనుంచి వెళ్లిపోతారు. ఊరికే ఉన్నందుకు ఇంత మర్యాద దక్కే చోటు మనకు ఇంకోటి లేదు.

సముద్రం మనసుకు చేసే మేలు అనగానే ఉప్పుగాలి, అలల హోరు, సూర్యోదయం గుర్తుకొస్తాయి. వాటి వంతు వాటికి ఉంది. అయితే వాటన్నిటికంటే ముందు ఒడ్డు ఇచ్చేది ఈ అనుమతే. ఏదో ఒకటి చేస్తూ ఉండాల్సిన రోజులో, ఏమీ చేయకుండా కాసేపు ఉండనివ్వడం. గత 20 ఏళ్లలో వచ్చిన పరిశోధనలను వరసపెట్టి చూసినా, తిరిగి తిరిగి ఇదే చోటికి వస్తాం.

తెల్లారేసరికి ఒడ్డున

విశాఖ ఆర్కే బీచ్‌ను సాయంత్రం ఆరింటికి చూస్తే జాతర. తెల్లవారుజామున ఐదున్నరకు చూస్తే వేరే ఊరు. ఆ కాసేపు బీచ్ రోడ్డు మీదకు బళ్లను రానివ్వరు కాబట్టి నడిచేవాళ్లు రోడ్డంతా తమదే అన్నట్టు నడుస్తారు. కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల దగ్గర ఇసుకలోకి దిగితే అక్కడొకరు, ఇక్కడొకరు కూర్చుని కనిపిస్తారు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లే ముందు ఆగినవాళ్లు, నిద్ర పట్టక లేచొచ్చిన పెద్దవాళ్లు, పరీక్ష పోయిన కుర్రాళ్లు. ఎవరి గోల వారిది. ఎవరూ ఎవరినీ పలకరించరు. అయినా ఎవరూ ఒంటరిగా ఉన్నట్టు అనిపించరు.

ఇంకాస్త ఉత్తరానికి, పెదజాలరిపేట వైపు వెళ్తే అలివి వల లాగడం చూడొచ్చు. పడవలో వెళ్లి వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా దింపి వస్తారు. రెండు కొసల తాళ్లూ ఒడ్డునే ఉంటాయి. ఆ కొసన ఓ జట్టు, ఈ కొసన ఓ జట్టు. తాడు నడుముకు ఆనించుకుని వెనక్కి వాలుతూ, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ లాగుతారు. చివరనున్న మనిషి తాడు వదిలి మళ్లీ నీళ్ల అంచుకు వెళ్లి పట్టుకుంటాడు. రెండు జట్లూ మెల్లగా దగ్గరవుతాయి. గంటకు పైనే పట్టే పని. చివరికి వల సంచి ఇసుక మీదకు వస్తే అందులో నెత్తళ్లు, నాలుగు కానగడతలు, బోలెడంత నాచు. ఒక్కోరోజు నాచే ఎక్కువ. చుట్టూ చేరి చూసేవాళ్లకు ఆ చేపలతో పనిలేదు. అయినా కదలరు. చేతిలో ఫోనుందన్న సంగతే చాలామందికి గుర్తుండదు.

రాజుగారి సముద్రస్నానం

సముద్రాన్ని వైద్యానికి వాడాలన్న ఆలోచన యూరప్‌లో ఊపందుకున్నది 18వ శతాబ్దంలో. ఇంగ్లండ్‌లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు 1750లో సముద్రపు నీటి వైద్యం మీద లాటిన్‌లో ఓ గ్రంథం రాశాడు. రోగులను ఉప్పునీళ్లలో మునగమనడమే కాదు, ఆ నీళ్లు తాగమని కూడా చెప్పాడు. ఆయన మకాం పెట్టిన బ్రైటన్ అనే జాలరిపల్లె కొన్నాళ్లకే ధనవంతుల విడిదిగా మారిపోయింది.

మనసుకూ సముద్రానికీ ముడిపెట్టిన పెద్ద కథ మాత్రం ఇంగ్లండ్ రాజు మూడో జార్జిది. 1788 చివర్లో ఆయనకు మతి చలించింది. మరుసటి ఏడాది కాస్త తేరుకోగానే వేసవిలో వేమత్ అనే సముద్రతీర పట్టణానికి తీసుకెళ్లారు. రాజుగారు నీళ్లలో మునగగానే బ్యాండు మేళం జాతీయగీతం వాయించేదట. ఆ తీరం ఆయనకు ఎంత నచ్చిందంటే తర్వాత ఏళ్ల తరబడి వెళ్తూనే ఉన్నారు. కానీ జబ్బు పోలేదు. 1801లో మళ్లీ వచ్చింది, 1804లో వచ్చింది, 1810 తర్వాత ఇక తగ్గనే లేదు. మరుసటి ఏడాదికి పాలన కొడుకు చేతికి వెళ్లింది. రాజుగారికి సముద్రం హాయినిచ్చింది, జబ్బును మాత్రం నయం చేయలేదు. ఈ తేడా ఈనాటికీ గుర్తుంచుకోవాల్సిందే.

మన తీరంలో అలాంటి విడిదిగా పేరు తెచ్చుకున్నది విశాఖలోని వాల్తేరు. బ్రిటిష్ అధికారులు ఎండలకు తాళలేక అక్కడికి చేరేవారు. బెంగాలీ మధ్యతరగతి కుటుంబాలకైతే పూరీ, వాల్తేరు అంటే గాలి మార్పుకు పెట్టింది పేరు. జ్వరపడి లేచినవాళ్లను, దిగులుతో కుంగిపోయినవాళ్లను రైలెక్కించి పంపేవారు. ఆ రోజుల్లోనే పుట్టిన ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఈనాటికీ వాల్తేరు ప్రాంతంలోనే ఉంది.

మన సంప్రదాయంలో మరో ముచ్చట ఉంది. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి వంటి పర్వదినాల్లో సముద్రస్నానానికి సూర్యలంక, మంగినపూడి, అంతర్వేది తీరాలు కిటకిటలాడతాయి. శివరాత్రి జాగరణ ముగించి విశాఖలో వేలమంది సముద్రంలో మునుగుతారు. మామూలు రోజుల్లో మాత్రం సముద్రాన్ని దర్శించాలే గానీ తాకకూడదని పెద్దలు చెబుతారు. అందులో భక్తి ఎంతో, ప్రాణాల మీద జాగ్రత్త అంతే. ఒడ్డున కూర్చుని చూడటమే రోజువారీ సేవ అన్నమాట.

లెక్కలు ఏమంటున్నాయి?

ప్రకృతికీ మనసుకూ ఉన్న సంబంధం మీద పరిశోధన మొదట చెట్ల దగ్గర మొదలైంది. అమెరికాలో రోజర్ ఉల్రిక్ 1984లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం దీనికి మూలం. పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే త్వరగా ఇంటికెళ్లారు. ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. చెట్ల తర్వాత నీటి వంతు వచ్చింది. ఇంగ్లండ్‌లో మాథ్యూ వైట్ బృందం 2010లో రకరకాల దృశ్యాల ఫొటోలు చూపించి ఏది హాయిగా ఉందని అడిగితే, నీళ్లున్న ఫొటోలే ముందు నిలిచాయి. ఊరి మధ్య కట్టడాల ఫొటోలో కాస్త నీళ్లు కనిపించినా చాలు, నీళ్లు లేని పచ్చటి పొలాలతో సమానంగా మార్కులు పడ్డాయి.

ఆ తర్వాత పెద్ద లెక్కలు వచ్చాయి. ఇంగ్లండ్ 2001 జనాభా లెక్కలను తిరగేసి 2012లో చేసిన అధ్యయనంలో, తీరానికి దగ్గరగా ఉన్నవాళ్లలో ‘నా ఆరోగ్యం బాగుంది’ అన్నవాళ్ల వాటా ఎక్కువని తేలింది. న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఇంటి పరిసరాల నుంచి నీళ్లు ఎక్కువగా కనిపించేవాళ్లలో మానసిక ఒత్తిడి తక్కువగా కనిపించింది. ఐర్లండ్‌లో సముద్రం బాగా కనిపించే చోట నివసించే వృద్ధుల్లో కుంగుబాటు లక్షణాలు తక్కువ. 18 దేశాలు, ప్రాంతాల్లో చేసిన సర్వే ఫలితాలు 2021లో వచ్చాయి. గడిచిన నాలుగు వారాల్లో తీరానికో, చెరువుకో, పార్కుకో ఎక్కువసార్లు వెళ్లినవాళ్లు మెరుగైన మనఃస్థితిలో ఉన్నారని అవి చెప్పాయి. పక్కన ఇల్లుండటం కంటే వెళ్లి రావడమే ముఖ్యమని దీనివల్ల తేలింది.

వీటిని చూసి చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఎక్కువ భాగం పోలికలే తప్ప కార్యకారణ సంబంధాన్ని రుజువు చేసేవి కావు. ఉల్లాసంగా ఉన్నవాళ్లే బయటికి ఎక్కువగా వెళ్తారు, డబ్బున్నవాళ్లే సముద్రం కనిపించే ఇల్లు కొంటారు అనే వాదన ఉండనే ఉంది. పరిశోధకులు వయసు, ఆదాయం, ఉద్యోగం వంటివి లెక్కలోకి తీసుకున్నాకే ఈ మాట చెప్పారు కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేం. చలిదేశాల తీరానికీ, మే నెలలో మచిలీపట్నం తీరానికీ తేడా ఉందన్నదీ మరవకూడదు.

ఒక్క అలను చివరిదాకా చూస్తే

మనసు ఎందుకు తేలికపడుతుంది అన్నదానికి అందరికంటే చక్కగా జవాబిచ్చినవారు మనస్తత్వ శాస్త్రజ్ఞులు స్టీఫెన్, రేచెల్ కాప్లాన్ దంపతులు. 1989లో వచ్చిన తమ పుస్తకంలో వారు చెప్పింది ఇదీ: ఆఫీసు పని, ట్రాఫిక్, లెక్కలు, పిల్లల చదువు... వీటన్నిటికీ మనం బలవంతంగా దృష్టి పెట్టాలి. అలా పెట్టి పెట్టి మెదడు అలసిపోతుంది. చిరాకు, మతిమరుపు, నిర్ణయం తీసుకోలేకపోవడం ఆ అలసట గుర్తులే. దృష్టిని బలవంతపెట్టకుండా, అలాగని విసుగు పుట్టించకుండా, తనంతట తాను పట్టి ఉంచే దృశ్యం దొరికితే ఆ శక్తి మళ్లీ నిండుతుంది. నీళ్ల బిందె మోసేవాళ్లు దారిలో చంక మార్చుకున్నట్టు.

అలాంటి దృశ్యం ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక్క అలను మొదటినుంచి చివరిదాకా చూడండి. దూరంగా నీటి మీద నల్లటి గీత ఒకటి లేస్తుంది. దగ్గరికొచ్చేకొద్దీ దాని అడుగు నేలకు తగిలి వేగం తగ్గుతుంది, పైభాగం ముందుకు వాలుతుంది. విరుగుతుంది. నురగై ఇసుక మీద పాకుతుంది. ఎక్కడిదాకా వస్తుందో మనసులోనే పందెం కాస్తాం. మన అంచనా దాటి పాదాలు తడుపుతుంది, లేదా రెండడుగుల దూరంలోనే ఆగి వెనక్కి జారుతుంది. తడి ఇసుకలో కాసేపు ఆకాశం కనిపిస్తుంది. చిన్న చిన్న బుడగలు పైకి వస్తాయి. ఓ పీతపిల్ల బొరియలోంచి బయటికొచ్చి, మన నీడ చూసి మళ్లీ లోపలికి పోతుంది. ఈలోగా ఇంకో అల లేస్తుంది. మొదటిదానిలాగే ఉంటుంది, అచ్చం అలాగే ఉండదు. చూస్తున్నందుకు మనం చేయాల్సింది ఏమీ లేదు, చూడకపోతే పోయేదీ ఏమీ లేదు. ఫోను తెర మీద ఇలాంటిది దొరకదు. అక్కడ ప్రతిదీ మన జవాబు కోసం కాచుకుని ఉంటుంది.

కంటి సంగతీ ఉంది. కంప్యూటర్‌నూ ఫోనునూ చూసేటప్పుడు కంటి లోపలి కండరం బిగిసి ఉంటుంది. దూరంగా చూస్తేనే వదులవుతుంది. నగరంలో మన చూపు పాతిక అడుగుల్లో ఏదో ఒక గోడకు తగిలి ఆగిపోతుంది. ఒడ్డున నిలబడ్డ మనిషికి నీరూ నింగీ కలిసే గీత సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరం. అంత దూరం అడ్డు లేకుండా చూడగలిగే అవకాశం చాలామందికి వారమంతా ఒక్కసారైనా రాదు.

చెవికి వస్తే, మెదడు నిద్రలో కూడా చప్పుళ్లకు కాపలా కాస్తూనే ఉంటుంది. హారన్, తలుపు ధబాలున పడటం, ఫోను మోగడం వంటి హఠాత్ శబ్దాలే దాన్ని ఉలిక్కిపడేలా చేస్తాయి. అల చప్పుడు మెల్లగా లేచి మెల్లగా తగ్గుతుంది. భయపడాల్సింది ఏమీ లేదని మెదడుకు తెలుస్తుంది. పైగా ఆ హోరు చుట్టుపక్కల చప్పుళ్లను కప్పేస్తుంది. నిదానంగా, నిమిషానికి ఆరేడు సార్లు ఊపిరి తీస్తే గుండె దడ తగ్గి శరీరం సేదతీరుతుందన్నది వైద్యులు ఒప్పుకున్నదే. అలల పక్కన కూర్చున్నవాళ్లు ఆ నెమ్మదిని తెలియకుండానే అందుకోవచ్చు.

తూర్పు తీరం కావడం మనకు కలిసొచ్చిన అదృష్టం. పొద్దున్నే కంటికి తగిలే వెలుతురు శరీరంలోని గడియారాన్ని సరిచేస్తుంది. రాత్రి నిద్రకు పునాది పడేది ఆ పొద్దుటి వెలుతురులోనే. నిద్ర చెడితే మనసు చెడుతుంది, మనసు చెడితే నిద్ర చెడుతుంది. వెలుతురును కొలిచే లెక్క లక్సు. ఇంట్లో ట్యూబులైటు ఇచ్చేది వందల లక్సుల్లో ఉంటే, మబ్బు పట్టిన పొద్దున కూడా ఆరుబయట వేలల్లో ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన తీరంలో దాదాపు ఎక్కడ నిలబడ్డా సూర్యుడు సముద్రం వైపు నుంచే వస్తాడు.

మెత్తటి ఇసుకలో నడక గట్టినేల మీద నడకకు రెండింతలకు పైగా శక్తి ఖర్చు చేయిస్తుంది. అరగంట నడిస్తే చాలు, వ్యాయామం మనసుకు చేసే మేలు కూడా దానికి తోడవుతుంది. సముద్రపు గాలిలో రుణావేశ అయాన్లు ఉంటాయని, అవే దిగులు పోగొడతాయని ప్రచారం ఉంది. దానికి గట్టి ఆధారం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం నేల వేడెక్కాక సముద్రం మీంచి వచ్చే చల్లగాలి ఉక్కను తగ్గిస్తుంది. రోహిణి కార్తెలో చిరాకు తగ్గడానికి అది చాలదా!

మన కష్టం ఎంత చిన్నదో

మనకంటే ఎంతో పెద్దదాని ముందు నిలబడినప్పుడు కలిగే విస్మయం మీద కూడా మనస్తత్వ శాస్త్రజ్ఞులు పనిచేశారు. డాకర్ కెల్ట్‌నర్, జొనథన్ హైట్ 2003లో దానికో సిద్ధాంతం రాశారు. ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఓ సరదా ప్రయోగం జరిగింది. యోసెమిటీ లోయ చూడ్డానికి వచ్చినవాళ్లకు కాగితం ఇచ్చి తమ బొమ్మ తామే గీయమన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణాలతో సందడిగా ఉండే ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గర సందర్శకులకూ అదే పని చెప్పారు. లోయ దగ్గరివాళ్లు తమను చిన్నగా గీసుకున్నారు, వార్ఫ్ దగ్గరివాళ్లు పెద్దగా గీసుకున్నారు. ఆ వార్ఫ్ కూడా సముద్రం ఒడ్డునే ఉంది! నీళ్లు పక్కనే ఉన్నా, ముందు దుకాణాలుంటే ‘నేను’ అన్నది తగ్గదు.

‘నేను’ కాస్త తగ్గడం మనసుకు మంచిది. దిగులులో ఉన్న మనిషి తన గురించే తాను గిరగిరా తిరుగుతూ ఆలోచిస్తాడు. అన్న మాటే మళ్లీ తలుచుకుంటాడు, పడ్డ అవమానమే మళ్లీ పడతాడు. ఆ గిరకను కాసేపు ఆపగలిగితే అదే పెద్ద ఊరట. సెల్ఫీ కోసం సముద్రానికి వీపు చూపించి నిలబడితే మాత్రం ఆ గిరక ఆగదు.

‘పోయి రా’ అని తరిమితే

మనింట్లో ఎవరన్నా ముభావంగా ఉంటే వెంటనే మందు చెప్పేస్తాం. ‘అలా బీచ్‌కి పోయి రా, అన్నీ సర్దుకుంటాయి.’ అన్నది ప్రేమతోనే. కానీ 2020లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చిన ఓ అధ్యయనం గమనించాల్సిన సంగతి చెప్పింది. కుంగుబాటు, ఆందోళన ఉన్నవాళ్లు కూడా తమంతట తాము తీరాలకు, పార్కులకు వెళ్తూనే ఉన్నారు. అయితే ఇతరులు వెళ్లమని ఒత్తిడి పెట్టినప్పుడు వాళ్లకు దక్కే మేలు తగ్గింది, అక్కడ ఆందోళన పెరిగింది. ఊరికే ఉండటం కోసం వెళ్లాల్సిన చోటికి ‘బాగుపడి రా’ అన్న బాధ్యత మోసుకెళ్తే జరిగేది అదే. తోడు రమ్మంటే వెళ్లండి. పక్కన కూర్చోండి. సలహాలు ఇవ్వకండి.

వారాల తరబడి దిగులు వీడకపోతే, నిద్రా తిండీ తప్పితే, బతకాలన్న ఆశ సన్నగిల్లితే డాక్టరు దగ్గరికే వెళ్లాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బు రకాన్ని బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఈ లోటును సముద్రం పూడ్చలేదు.

అదే సముద్రం, వేరే మనసు

తీరంలో పుట్టి పెరిగినవారందరికీ కెరటం చూస్తే హాయి కలుగుతుందనుకుంటే పొరపాటు. వేటకు వెళ్లిన మరబోటు రావాల్సిన వేళకు రాకపోతే ఇదే ఒడ్డున నిలబడి ఎదురుచూసే ఆడవాళ్లకు ఆ హోరు వేరేగా వినిపిస్తుంది. మత్స్యకారులకు సముద్రం గంగమ్మ తల్లి, అన్నం పెట్టే చోటు, ప్రాణం తీయగల చోటు కూడా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ ఒడ్డునే ఉన్నా అప్పుల లెక్కల మధ్య వాళ్లకు అది సెలవు కాదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేల ప్రాణాలు తీసుకుంది. 2004 డిసెంబరు 26 సునామీకి మన తీరంలోనూ వందమందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను చిన్నాభిన్నం చేసింది. ఉప్పాడలో సముద్రం ఇళ్లను ఒక్కొక్కటిగా మింగుతూనే ఉంది. అలాంటివి చూసినవాళ్లకు అల చప్పుడే ఆ రోజును మళ్లీ తెచ్చిపెట్టొచ్చు. వాళ్లకు కావాల్సింది ధైర్యం, ఆదరువు, నిపుణుల సాయం. ‘సముద్రం ప్రశాంతత ఇస్తుంది’ అని వాళ్ల ముందు అనకపోవడమే మర్యాద.

సముద్రం లేని ఊళ్లో

హైదరాబాద్ నుంచి సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. శుక్రవారం రాత్రి కారెక్కి సూర్యలంకకో చీరాల ఓడరేవుకో బయల్దేరేవాళ్లు ఎక్కువయ్యారు. రాత్రంతా డ్రైవింగ్, పొద్దున గది కోసం వెతుకులాట, మధ్యాహ్నం నడినెత్తిన ఎండ, ఆదివారం రాత్రి టోల్‌గేటు దగ్గర బారులు. సోమవారం ఆఫీసుకు వచ్చేసరికి వెళ్లినప్పటికంటే ఎక్కువ అలసట. వెళ్లొద్దని కాదు. ఏడాదికోసారి ఆత్రంగా చేసే యాత్ర ఒక్కటే మందు కాదని.

ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిని పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితం ఇక్కడ పనికొస్తుంది. వారానికి మొత్తం కనీసం రెండు గంటలు ఆరుబయట ప్రకృతిలో గడిపినవాళ్లు, అసలు గడపనివాళ్ల కంటే మెరుగ్గా ఉన్నామని చెప్పారు. ఒకేసారి రెండు గంటలైనా, నాలుగు అరగంటలైనా తేడా లేదు. ఈ పరిశోధనల్లో నది, చెరువు, కాలువ కూడా నీటి కిందే లెక్క. ట్యాంక్‌బండ్ గట్టు, వరంగల్ భద్రకాళి చెరువు, రాజమహేంద్రవరం గోదావరి రేవు, ఊరి చివర తామర చెరువు... నీళ్లు శుభ్రంగా ఉండి, గట్టు మీద కూర్చునే చోటుంటే చాలు. తెలంగాణకు తీరం లేకపోయినా, దేశమంతటికీ అలల ఎత్తు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లోనే!

ఒడ్డుకు వెళ్లేటప్పుడు

• పొద్దున సూర్యోదయం వేళో, ఎండ చల్లబడ్డాకో వెళ్లండి. 11 నుంచి 3 మధ్య ఎండ మనసుకూ ఒంటికీ మంచిది కాదు.

• ఫోను సంచిలో పెట్టేయండి. మొదటి పది నిమిషాలు చేతులు దురదపెడతాయి, తర్వాత అలవాటవుతుంది.

• మేలు కోసం నీళ్లలోకి దిగాల్సిన పనిలేదు. ఆర్కే బీచ్ వంటి చోట్ల అడుగు ఉన్నట్టుండి లోతవుతుంది. అన్నిచోట్లా అలలు విరుగుతూ ఒక్కచోట మాత్రం నీరు నున్నగా కనిపిస్తే అక్కడ లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. దాన్లో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా పక్కకు ఈదాలి.

• మందు తాగి నీళ్లలోకి దిగొద్దు. ఎర్ర జెండా ఉంటే ఎంత ఈతగాడైనా ఆగాల్సిందే.

• మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఒడ్డు ఎవరిది?

ఇంగ్లండ్ నగరవాసులు దాదాపు 26 వేల మంది మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, తీరానికి కిలోమీటరు లోపు ఉండటం వల్ల కనిపించిన మేలు అందరికంటే ఎక్కువగా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లలోనే కనిపించింది. 2012 నాటి జనాభా లెక్కల అధ్యయనం కూడా పేద ప్రాంతాల్లోనే ఆ ప్రభావం బలంగా ఉండొచ్చని చెప్పింది. ఇందులో వింతేమీ లేదు. డబ్బున్నవాడికి విసుగు పుడితే కొండలున్నాయి, రిసార్టులున్నాయి, గంటకు రుసుం తీసుకునే కౌన్సెలర్లున్నారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కూ, షాపులో పది గంటలు నిలబడే అమ్మాయికీ, పింఛను మీద బతికే ముసలాయనకూ ఉన్నది ఒడ్డే.

ఆంధ్రప్రదేశ్‌కు పాత లెక్కలో 974 కిలోమీటర్ల తీరం ఉంది, కొత్తగా కొలిస్తే వెయ్యి దాటింది. ఇంత పొడవున్నా మామూలు మనిషి బస్సు దిగి, నడిచి వెళ్లి, ఎవరికీ ఏమీ చెల్లించకుండా, ఎవరి చూపులకూ జంకకుండా కూర్చోగల చోట్లు ఎన్ని? తీరం మీద కట్టడాలకు 1991 నుంచి నిబంధనలున్నాయి, 2011లో, 2019లో వాటిని మార్చారు. ప్రతి మార్పుకూ కట్టడం ఒడ్డుకు ఎంత దగ్గరగా రావొచ్చన్న మీదే వాదన. మనిషి ఒడ్డుకు ఎంత తేలిగ్గా రావొచ్చన్న మీద వాదన తక్కువ. బీచ్ అభివృద్ధి అనగానే దుకాణాలు, జిప్‌లైన్లు, లేజర్ షోలు, పెద్ద స్పీకర్లు గుర్తుకొస్తాయి. ఆడవాళ్లు చీకటి పడ్డాక కూడా నిర్భయంగా కూర్చునేలా వీధిదీపాలు, శుభ్రమైన మరుగుదొడ్లు, వృద్ధులు వెనక్కి ఆనుకునేలా బల్లలు, చక్రాల కుర్చీ వెళ్లే బాట, మురుగునీరు సముద్రంలో కలవకుండా ఏర్పాటు, గజ ఈతగాళ్లు... ఇవి ముందు కావాలి. ఇవన్నీ కలిపినా ఒక లేజర్ షో అంత ఆర్భాటం ఉండదు. రిబ్బను కత్తిరించడానికీ పెద్దగా పనికిరావు.

తీరాన్ని టూరిజం శాఖకు మాత్రమే సంబంధించిన ఆస్తిగా చూసినంతకాలం దాని విలువను టికెట్లలోనే కొలుస్తాం. వైద్యారోగ్య శాఖ కూడా దాన్ని తన ఖాతాలో రాసుకోవాలి. ఊరి మానసిక ఆరోగ్యానికి డాక్టర్లు, మందులు, హెల్ప్‌లైన్లు ఎంత అవసరమో, జబ్బు దాకా పోకుండా కాసేపు ఆగి ఊపిరి తీసుకునే ఖాళీ చోటూ అంత అవసరం. నలుగురున్న కుటుంబం ఒడ్డుకు వెళ్లాలంటే తలా ఇరవై రూపాయలు కట్టాల్సిన రోజు వస్తే, సముద్రం దగ్గరే ఉంటుంది గానీ వెళ్లేవాళ్లు తగ్గిపోతారు. ముందుగా తగ్గిపోయేది దాని అవసరం అందరికంటే ఎక్కువున్నవాళ్లే.